వదిన కంట్లో అక్షరదోషం

మా వదిన కంట్లో ఏదో తేడా ఉందని అందరికంటే ముందు ఆమె కొట్టుకి వచ్చే ఆడవాళ్ళు కనిపెట్టారు. వదిన అంటే మా ఆయన అక్కగారు. పామర్రులో ఇంటి ముందుగదిలోనే చేనేత చీరల కొట్టు నడుపుతుంది. చీర మడత విప్పి, అంచు చూపిస్తూ, ధర చెప్తూ, మధ్యలో ఉన్నట్టుండి చెయ్యెత్తి మొహం ముందు గాలిలో విసిరేదట, దోమని తోలినట్టు. అక్కడ దోమ ఉండేది కాదు. ఒకావిడ ఆ విసురు చూసి, తనడిగిన ధరకి ఒళ్ళుమండి పొమ్మంటోంది కాబోలు అనుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ సంగతి వదినే నాకు ఫోన్ చేసి చెప్పి పడీపడీ నవ్వింది. నవ్వడం అయ్యాక, "అమ్మాయ్, నా కంట్లో దోమలు కాపురం పెట్టాయే. ఏం చెయ్యమంటావ్?" అంది.

మా ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా ముందు నన్నే అడుగుతారు. నేను విజయవాడలో మెడికల్ ఎంట్రన్స్‌కి తయారుచేసే ఒక కాలేజీలో జువాలజీ చెప్తాను. నాకు తెలిసింది బొద్దింక నాడీవ్యవస్థ, కప్ప గుండె, ఆ మీదట పిల్లలు పరీక్షలో తప్పు పెట్టే చోట్లు అని ఎన్నిసార్లు మొత్తుకున్నా మావాళ్ళు వినరు. డాక్టర్లని తయారుచేసేదానివి, నీకు తెలియకపోవడమేమిటంటారు. వయసు మీదపడుతున్నప్పుడు కంట్లో అలా చుక్కలు తేలడం మామూలేనని, అయినా ఒకసారి చూపించుకోమని చెప్పాను. ఆమె చూపించుకోలేదు. కొన్నాళ్ళకి దోమలు పోయి, వాటి బదులు గంజి వచ్చింది. కుడికంటితో చూస్తే మనుషులూ చీరలూ అన్నీ గంజినీళ్ళలోంచి చూసినట్టు ఉన్నాయంది. రంగు చూసి బతికే మనిషి, లేత పచ్చకీ నీలానికీ తేడా తెలియక తడబడితే ఊరుకుంటుందా. మర్నాడే బస్సెక్కి భవానీపురంలో మా ఇంటికి వచ్చేసింది.

మేము చూపించిన మొదటి డాక్టరుగారు కంటి లోపల వాపు ఉందన్నారు. చుక్కల మందూ, స్టెరాయిడ్ మాత్రలూ రాశారు. ఆ మాత్రల మహిమ మాకప్పుడు తెలియదు. వదిన పామర్రు తిరిగెళ్ళిన వారానికే అన్నయ్యగారు, అంటే ఆమె భర్త, నాకు ఫోన్ చేశారు. ఆయన చాలా తక్కువ మాట్లాడే మనిషి. వదిన తెల్లవారకముందే లేచి కొట్లో బీరువాలన్నీ దింపి కడిగేస్తోందని, పాతికేళ్ళుగా మాటల్లేని చుట్టాలకి కూడా ఫోన్లు చేసి పలకరిస్తోందని, ఎప్పుడూ లేనిది పాటలు పాడుతోందని చెప్పి, చివరికి మెల్లగా అసలు సంగతి అడిగారు.

"ఆ మాత్ర సగం చేసి వెయ్యొచ్చేమో కనుక్కుంటావా అమ్మా? ఇంట్లో మనిషి ఉన్నట్టు లేదు, జాతర జరుగుతున్నట్టుంది."

సగం చెయ్యకూడదు, డాక్టరుగారు చెప్పినట్టే మెల్లగా తగ్గించాలి. అలాగే తగ్గించారు. జాతర ముగిసింది. కన్ను తేటపడింది. మేమంతా హమ్మయ్య అనుకున్నాం. మాత్రలు పూర్తిగా ఆపిన కొద్దిరోజులకే గంజి మళ్ళీ వచ్చింది. మళ్ళీ మాత్రలు, మళ్ళీ జాతర, మళ్ళీ తేట, మళ్ళీ గంజి. ఈసారి ఎడమకంట్లో కూడా మొదలైంది.

ఈ మధ్యలో చుట్టాలు తలో మాటా అన్నారు. ఫోన్ ఎక్కువ చూస్తోందన్నారు. కళ్ళజోడు నంబరు సరిగ్గా లేదన్నారు. ఒకరిద్దరు, అది కంట్లో కాదు మనసులో అన్నట్టు మాట్లాడారు. పైకి నవ్వి ఊరుకున్నా, ఆ చివరి మాట వదినకి లోపలెక్కడో గుచ్చుకుంది. ఒకసారి నన్ను చూసి, నిజంగానే నేను ఊహించుకుంటున్నానేమో అని అడిగింది. అడుగుతున్నప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు. ఇన్నేళ్ళలో ఆ మొహం నవ్వు లేకుండా చూడడం నాకు అదే మొదలు.

అప్పుడు రెటీనా చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. చిన్న వయసే. మాట నెమ్మది. రెండు కళ్ళూ చాలాసేపు పరీక్షించి, పాత చీటీలన్నీ తిరగేసి, ఈ వయసులో మొదలై, మందు వేస్తే తగ్గి, ఆపితే తిరగబెట్టే వాపుని తాను అంత తేలిగ్గా నమ్మనంది. వాపు వేషం వేసుకుని వేరే జబ్బు వస్తుందట. ఆ వేరే జబ్బు పేరు లింఫోమా. తెల్లరక్తకణాల్లో ఒక రకానికి పట్టే క్యాన్సర్, అది ఇలా కంట్లోనే మొదలవడం చాలా అరుదు. అయ్యుండకపోవచ్చు కూడా, కానీ తేల్చుకోకుండా మళ్ళీ స్టెరాయిడ్ ఇవ్వనంది. ఆ మందుకి ఈ కణాలు కూడా కొన్నాళ్ళు దాక్కుంటాయట. అందుకే ముందు మాత్రలు ఆపాలి, ఆ తర్వాత కంటి లోపలి జెల్లీ కొంచెం తీసి పరీక్షకి పంపాలి.

క్యాన్సర్ అన్న మాట విన్నాక వదిన ఏమంటుందోనని నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె డాక్టరమ్మని చూస్తూ, "అంటే మీకు కూడా ఏదో కనపడిందన్నమాట" అంది. కనపడిందండీ అందావిడ. వదిన భుజాలు కిందికి దిగాయి. నా చెయ్యి నొక్కింది. నాకు భయం, ఆమెకి ఊరట. ఇద్దరం ఆ గదిలోంచి వేరువేరు వార్తలు విన్నవాళ్ళలా బయటికి వచ్చాం.

జెల్లీ తీశారు. వదిన కంటికి కట్టుతో మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ కణాలు చాలా సుకుమారమైనవట, ఆలస్యమైతే చచ్చిపోయి ఏమీ చెప్పవు. అందుకని వాటిని వెంటనే అదే భవనంలో కింద అంతస్తులో చూశారు. అనుమానంగా ఉన్నాయి కానీ గట్టిగా చెప్పలేమన్నారు. ఇలాంటప్పుడు ఇంకో దారి ఉందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచింది. ఆ జెల్లీలోని డి.ఎన్.ఏ.లో ఒక ప్రత్యేకమైన మ్యుటేషన్ ఉందేమో వెతుకుతారు. ఈ రకం లింఫోమాలో చాలామందికి అదే మార్పు, అదే చోట ఉంటుందట. మామూలు వాపులో దాదాపుగా ఉండదట. హైదరాబాదు ల్యాబ్‌కి పంపారు.

నేనీ సంగతి అన్నయ్యగారికి ఫోన్‌లో చెప్తే ఆయన అంతా విన్నారు. తర్వాత, మ్యుటేషన్ అంటే పొలం కాగితాల్లో పేరు మార్పే కదా, దానికి తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళాలిగానీ కంటి ఆసుపత్రికి ఎందుకన్నారు. ఆయన వేళాకోళమాడే మనిషి కాదు. నిజంగానే అడుగుతున్నారు. నేను ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని వదినకి ఆ మాట చెప్పాను. ఆమె ఒక కంటికి కట్టుతో, రెండో కంట నీళ్ళు కారేలా నవ్వింది. కంటికి మంచిది కాదు, ఊరుకోండి వదినా అని నేను బతిమాలుతూనే నవ్వాను.

మర్నాడు వంటింట్లో గోంగూర ఒలుస్తూ కూర్చున్నాం. అసలు ఆ మ్యుటేషన్ ఏమిటో నాకూ చెప్పు, ఊళ్ళో పిల్లలందరికీ చెప్తావుగా అంది వదిన. నేను తరగతిలో చెప్పే పాఠమే మొదలుపెట్టాను. కణంలో ఒక పెద్ద రాత ఉంటుందని, కణం ఏం చెయ్యాలో ఎప్పుడు ఆగాలో అంతా అందులోనే రాసి ఉంటుందని, దాన్ని తిరగరాసేటప్పుడు ఒక్కోసారి ఒక్క అక్షరం తప్పు పడుతుందని చెప్పాను. ఒక్క అక్షరానికే ఇంత గొడవా అని ఆమె నమ్మలేదు. అప్పుడు నాకు నోటికొచ్చిన వాక్యం చెప్పాను. వదిన కొత్త చీర కట్టుకుంది. అందులో ఒక్క అక్షరం మారిస్తే, వదిన కొత్త చీమ కట్టుకుంది.

వదిన గోంగూర కాడ పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత మొదలుపెట్టింది. చీమకి జాకెట్టు ముక్క కలిపి ఇస్తారా అంది. అంచు ఉన్న చీమా, లేనిదా అంది. ఉతికితే రంగు పోయే చీమైతే వెనక్కి ఇచ్చేస్తానంది. మేమిద్దరం గోంగూర మీద పడి నవ్వుతుండగా మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఏమైందని అడిగితే ఇద్దరిలో ఎవరమూ చెప్పలేకపోయాం. ఆయన కాసేపు చూసి, తన కాఫీ తనే పెట్టుకున్నాడు.

నవ్వు తగ్గాక మిగతాది చెప్పాను. వదిన విషయంలో వెతుకుతున్న తప్పు ఒక మీట లాంటి దానిలో ఉంటుంది. కణాన్ని పెరగమనే కబురు వచ్చినప్పుడే పడాల్సిన మీట ఆ ఒక్క అక్షరం వల్ల ఎప్పుడూ వేసే ఉండిపోతుంది. కణం ఆగకుండా పెరుగుతుంది. ఆమె అంతా విని, ఆ అక్షరం దొరికితే జబ్బు అదే కదా మరి, అని లేచి గోంగూర కడగడానికి వెళ్ళింది.

ఆ వారమే కాలేజీలో నాకు మ్యుటేషన్ల పాఠం వచ్చింది. ఏటా చెప్పేదే. నిద్రలో లేపినా చెప్తాను. బోర్డు మీద ఏ ఉదాహరణ రాయాలో ఆలోచించకుండానే నా చెయ్యి చీర, చీమ అని రాసేసింది. పిల్లలు నవ్వారు. వాళ్ళు నవ్వడం ఆపినా నాకు ఆగలేదు. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగి నవ్వుతూనే ఉన్నాను. అది నవ్వు కాకుండా ఇంకేదో అవుతోందని తెలిసి, మంచినీళ్ళు తాగొస్తానని వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. కింద రోడ్డు మీద ఆటోవాళ్ళు ఎప్పటిలాగే హారన్లు కొడుతున్నారు. మొహం కడుక్కుని వచ్చి మిగతా పాఠం పూర్తిచేశాను.

రిపోర్టు వచ్చిన రోజు నేనూ వదినా వెళ్ళాం. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఇంకా నోరు తెరవకముందే, వదిన ఆత్రం పట్టలేక చీమ దొరికిందా అని అడిగేసింది. ఆవిడ బిత్తరపోయి నా వైపు చూసింది. నేను సిగ్గుపడుతూ కథంతా చెప్పాను. ఆవిడ నవ్వు ఆపుకుంటూ, "దొరికిందండీ" అంది.

ఆ మార్పు స్పష్టంగా ఉందట. కణాల్లో కనపడిన అనుమానమూ, అదే జెల్లీలో కొలిచి చూసిన రసాయనాల్లో తేలిన తేడా, ఈ మార్పూ మూడూ ఒకటే మాట చెప్తున్నాయి కాబట్టి ఇది లింఫోమాయేనని ఇప్పుడు ధైర్యంగా అనగలనంది. వదిన నా వైపు తిరిగి, "చూశావా, నాకు పిచ్చి లేదు" అంది. అని నవ్వింది. ఎంత నవ్విందంటే తలుపు దగ్గరున్న నర్సు తొంగిచూసింది. నాకూ నవ్వొచ్చింది. క్యాన్సర్ ఉందని చెప్పించుకుని నవ్వుతున్న ఇద్దరు ఆడవాళ్ళ ముందు డాక్టరమ్మ ఏం చెయ్యాలో తోచక మంచినీళ్ళ సీసా ముందుకు జరిపింది.

బయట బెంచీ మీద కూర్చుని మా ఆయనకి ఫోన్ చేసి, పాజిటివ్ వచ్చిందని చెప్పాను. వెనక వదిన నవ్వు వినపడుతోంది. ఆయన, పోన్లే, పాజిటివేగా, నేను రాత్రంతా ఎంత కంగారుపడ్డానో, వస్తూ స్వీట్లు తెస్తానన్నాడు. ఆ మాటతో మా నవ్వు ఠక్కున ఆగింది. పాజిటివ్ అంటే ఉందని అర్థమండీ అని చెప్పాల్సి వచ్చింది. అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. వదిన ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, "ఒరేయ్, ఏడవకు. పేరు తెలిసింది కదా. పేరు తెలియని దానితో ఇన్నాళ్ళు ఒక్కదాన్నే ఉన్నాను" అంది. ఆ తర్వాత మేము కూడా కొంచెం ఏడ్చాం. ఆయన మాత్రం సాయంత్రం నిజంగానే స్వీట్లు తెచ్చాడు. మంచి కబురే వస్తుందని పొద్దున్నే కొనేశాడట. తిన్నాం.

మర్నాడు వదిన మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామంది. నిన్న నవ్వులో పడి అడగాల్సినవి అడగలేదట. మొదటి ప్రశ్న హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కూతురి గురించి. ఆ పిల్ల రాత్రే ఫోన్ చేసి, జన్యువుల్లో తేడా అంటే తనకీ వస్తుందా అని అడిగి, అడిగినందుకు తనే ఏడ్చింది. అది కాదని నేను చెప్పాను కానీ, నేను బొద్దింకల టీచర్ని కదా, డాక్టరమ్మ నోట వినాలంది వదిన. ఈ తప్పు పుట్టుకతో వచ్చింది కాదని, ఒళ్ళంతా ఉండదని, ఆమె బతుకులో ఎప్పుడో ఆ కణాల్లోనే పడిందని, పిల్లలకి పోదని ఆవిడ ఓపిగ్గా చెప్పింది.

వదిన మొహం వెలిగిపోయింది. "మా అమ్మ ఇచ్చింది కాదు, మా అమ్మాయికి ఇచ్చేది కాదు. అచ్చంగా నాదే" అంది, కొత్తగా ఇల్లు కట్టుకున్నదానిలా.

రెండో ప్రశ్న అడిగేటప్పుడు గొంతు తగ్గింది. ఆ అక్షరం చూసి తన జాతకం చెప్పగలరా అని అడిగింది. జబ్బు ఏమిటో చెప్పడానికి ఆ మార్పు బాగా పనికొస్తుందంది డాక్టరమ్మ. ముందు ముందు ఏమవుతుందో చెప్పడానికి కూడా పనికొస్తుందేమోనని ఇంకా చూస్తున్నారట, ఇలాంటి కొన్ని మార్పులున్న వాళ్ళలో జబ్బు నడక వేరుగా ఉంటుందని కొందరంటారట, కానీ అది విని ఒక మనిషికి ఇంత కాలమని చెప్పడం తప్పంది. ఈ జబ్బుకి కంటినుంచి మెదడుకి వెళ్ళే అలవాటుంది, అసలు భయం అదే. ముందు అది చూద్దామంది. తెలియదన్న మాటని అంత గౌరవంగా చెప్పిన వాళ్ళని నేను అంతకుముందు చూడలేదు. వదినకి కూడా ఆవిడ మీద అప్పుడే పూర్తి నమ్మకం కుదిరింది.

తల స్కాన్ చేశారు. వెన్నులోంచి నీరు తీసి చూశారు. రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఆ రోజు వదిన బెజవాడ ఎండలో ఆసుపత్రి మెట్ల మీద నిలబడి, తలలో ఏమీ లేదని తేలిందని ఫోన్‌లో అందరికీ చెప్పింది. ఇన్నాళ్ళకి డాక్టర్లు కూడా ఒప్పుకున్నారని అన్నయ్యగారు అన్నారట. పెళ్ళయినప్పటి నుంచి ఆయన వేసిన మొదటి జోకు అదేనని వదిన వాదన.

వైద్యం మొదలైంది. రెండు కళ్ళలోకీ సన్న సూదితో మందు. దాంతోపాటు ఆసుపత్రిలో చేరి సెలైన్‌లో ఇంకో మందు, కొన్ని రోజులుండి, ఇంటికొచ్చి, మళ్ళీ వెళ్ళాలి. వాంతులు రాకుండా ఇచ్చే వాటిలో మళ్ళీ ఆ స్టెరాయిడ్ ఉంది. ఇంకేముంది, వార్డులో జాతర. వదిన సెలైన్ స్టాండు పక్కన తోసుకుంటూ మంచం మంచానికీ తిరిగి అందర్నీ పలకరించేది. నర్సుల్లో ఎవరికి ఏ రంగు నప్పుతుందో చెప్పేది. పెళ్ళి కుదిరిన ఒక నర్సుకి ఫోన్‌లో అన్నయ్యగారిచేత కొట్లోని చీరలు ఒక్కొక్కటీ విప్పించి చూపించింది. ఆయన కెమెరా తిప్పడం చేతకాక చీరల బదులు తన గడ్డమే చూపించారు. వార్డంతా ఆ గడ్డాన్ని చూసింది. ఆ నర్సు పెళ్ళికి మేమంతా వెళ్ళాం కూడా.

అన్ని రోజులూ అలా గడవలేదు. నోరు పూసి, మజ్జిగ కూడా దిగని రోజులున్నాయి. ఒక మధ్యాహ్నం మా ఇంటి బాల్కనీలో వదిన గోడకి ఆనుకుని కూర్చుంది. కృష్ణ వైపు నుంచి వేడి గాలి కొడుతోంది. నేనేదో చీమ జోకు ఎత్తబోతే, వద్దమ్మాయ్, ఇవాళ నవ్వలేను అంది. సరేనన్నాను. పక్కన కూర్చున్నాను. కాసేపటికి నా భుజం మీద తల ఆన్చి నిద్రపోయింది. ఆ రోజుల్లో నేను చదవకూడనివన్నీ చదివాను. ఈ జబ్బు తిరిగొచ్చే అవకాశం ఉన్నదని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. ఇద్దరం తెలిసినట్టు ఒకరికొకరం చెప్పుకోలేదు.

వైద్యం అయ్యాక మళ్ళీ పరీక్ష చేశారు. ఈసారి జెల్లీ అక్కర్లేదట, కంటి ముందు భాగంలో ఉండే నీటిచుక్క చాలట. అదే మార్పు కోసం ఆ చుక్కలో వెతికారు. కనపడలేదు. డాక్టరమ్మ ఆ మాటని జాగ్రత్తగా చెప్పింది. కనపడలేదంటే ఇక ఎప్పటికీ రాదని కాదు, ఇవాళ్టికి లేదని, అందుకే వస్తూ ఉండాలని. వదిన, ఇవాళ చాలు అంది. మేము ఆసుపత్రి నుంచి ఇంటికి ఆటోలో వస్తుంటే ఆమె దారిపొడుగునా బోర్డులు చదివింది. టైర్ల కొట్టు, మందుల షాపు, కోచింగ్ సెంటరు, బిర్యానీ. ప్రతి అక్షరం పైకి చదివింది. ఆటో అతను మధ్యలో వెనక్కి తిరిగి, ఎక్కడ ఆపాలమ్మా అని అడిగాడు. ఆపొద్దు నాయనా, పోనీ, ఇంకా చాలా బోర్డులున్నాయి అంది.

మొన్న వేసవిలో నేను సెలవులకి పామర్రు వెళ్ళాను. పెడన వైపు మగ్గాలు చూడ్డానికి వెళ్దాం రమ్మంది. కారులో వెళ్తుంటే కాలవగట్టు మీద ముంజలు కొట్టి అమ్ముతున్నారు. ఆపించింది. గట్టు మీదే చెప్పులు వదిలేసి కూర్చున్నాం. ముంజ తినడం వదినకి తెలిసినంతగా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బొటనవేలు కసిగా గుచ్చింది. రసం చివ్వున చిమ్మి సరిగ్గా కుడికంట్లో పడింది. ఆమె కన్ను మూసుకుంది. నేను గబగబా ఆమె దగ్గరికి జరిగాను. వదినా, ఏం కనపడుతోందో చెప్పండి అన్నాను.

ఆమె మెల్లగా కన్ను తెరిచింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నీ కుచ్చిళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. కాలేజీకి కూడా ఇలాగే వెళ్తావా?" అంది.

లేచి నిలబడ్డాను. ఆమె ముంజ పక్కన పెట్టి, జిగురు చేతులతోనే నా కుచ్చిళ్ళు సర్దింది. చీర మీద మరకలు పడ్డాయి. అవి పోవని తనే చెప్పింది. మళ్ళీ కూర్చుని ఇంకో కాయ కొట్టించుకున్నాం.